పునాదులు లేవకముందే మాట్లాడాలి

2025 ఆగస్టు 20న ఇజ్రాయెల్ ప్రణాళికా సంఘం జెరూసలెంకు తూర్పున ఉన్న కొండనేల మీద సుమారు 3,400 ఇళ్లు కట్టడానికి ఆమోదముద్ర వేసింది. ఆ నేల విస్తీర్ణం దాదాపు 12 చదరపు కిలోమీటర్లు. ప్లాన్లలో దాని పేరు ఈ-1. చూడటానికి రాళ్లగుట్టలు, బీడు. పటంలో చూస్తే మాత్రం వెస్ట్ బ్యాంక్‌కు నడిమధ్య. ఉత్తరాన రామల్లా, దక్షిణాన బెత్లెహేం, పడమట తూర్పు జెరూసలెం. అక్కడ ఇళ్లు లేచాయంటే వెస్ట్ బ్యాంక్ ఉత్తర భాగానికీ దక్షిణ భాగానికీ మధ్య సహజమైన దారి తెగిపోతుంది. తూర్పు జెరూసలెం తన వెనకున్న పాలస్తీనా ఊళ్ల నుంచి విడిపోతుంది. 1990ల నుంచి ఈ ప్లాను ఫైళ్లలో ఉంది. అమెరికా, ఐరోపా దేశాలు అడ్డుపడుతూ వచ్చాయి కాబట్టి ఇన్నేళ్లూ కదల్లేదు. ఇప్పుడు కదిలింది. ఆమోదానికి ఆరు రోజుల ముందే ఆర్థికమంత్రి బెజలెల్ స్మోట్రిచ్ విలేకరుల ముందుకొచ్చి, పాలస్తీనా రాజ్యమనే ఆలోచనను ఇది పూడ్చిపెడుతుందని ప్రకటించారు. సెప్టెంబరు 11న ప్రధాని బెంజమిన్ నెతన్యాహు పక్కనున్న మాలే అదుమిమ్‌కు వెళ్లి, పథకాన్ని ముందుకు నడిపే ఒప్పందం మీద సంతకం చేశారు. పాలస్తీనా రాజ్యం ఉండబోదని, ఈ చోటు తమదని అక్కడే చెప్పారు.

ఇంత బాహాటంగా చెప్పాక, రేపు ఎవరైనా మాకు తెలియదంటే ఆ మాట చెల్లదు. మన దేశానికీ అంతే.

ఎందుకంటే ఆ ఆమోదానికీ, నెతన్యాహు సంతకానికీ నడుమ ఢిల్లీకి సంబంధించిన తేదీ ఒకటుంది. సెప్టెంబరు 8న స్మోట్రిచ్ మన రాజధానిలో ఉన్నారు. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్‌తో కలిసి ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందం మీద సంతకం చేశారు. అప్పటికి మూడు నెలల కిందటే, జూన్ 10న, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే దేశాలు ఆయన మీద ఆంక్షలు పెట్టాయి. వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనీయుల మీద హింసను రెచ్చగొట్టారన్నది వాటి ఆరోపణ. ఢిల్లీలో సంతకాలైన నాలుగో రోజున, సెప్టెంబరు 12న, ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో రెండు రాజ్యాల పరిష్కారాన్ని కోరుతూ వచ్చిన న్యూయార్క్ డిక్లరేషన్‌కు 142 దేశాలు ఓటేశాయి. అందులో భారత్ కూడా ఉంది. ఓటు సరైనదే. కానీ ఆ ఓటు దేనికోసమో దాన్ని పూడ్చిపెడతానని చెప్పిన మంత్రి మన ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ-1 మాట ఎత్తామా? ఎత్తి ఉంటే ఆ సంగతి ప్రజలకు తెలియాలి. ఎత్తకపోతే, ఎందుకు ఎత్తలేదో తెలియాలి.

అసలు ఓస్లో శాంతి ఒప్పందంలో ఏముందో, ఏది ఎక్కడ ఆగిపోయిందో చూస్తేగానీ ఈ ఆత్రం దేనికో అర్థం కాదు. 1993 సెప్టెంబరు 13న వైట్‌హౌస్ పచ్చికలో ఇజ్రాయెల్ ప్రధాని యిత్జాక్ రాబిన్, పాలస్తీనా విమోచన సంస్థ అధినేత యాసర్ అరాఫత్ చేతులు కలిపిన ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు కాగితం మీద సంతకాలు పెట్టింది మాత్రం షిమోన్ పెరెజ్, మహమూద్ అబ్బాస్. అయిదేళ్ల మధ్యంతర కాలమన్నారు. మూడో ఏడు మొదలయ్యేలోగా తుది చర్చలకు కూర్చోవాలన్నారు. జెరూసలెం, శరణార్థులు, సెటిల్‌మెంట్లు, భద్రత, సరిహద్దులు అన్నీ అక్కడే తేలాలి. 1994 మే 4న గాజా, జెరికో ఒప్పందంతో గడువు లెక్క మొదలైంది. 1999 మే 4తో పూర్తి కావాలి.

1995 సెప్టెంబరు 28న ఓస్లో-2 వచ్చింది. వెస్ట్ బ్యాంక్‌ను ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసింది. ఏ ప్రాంతంలో, అంటే పెద్ద పట్టణాల్లో, పాలన, పోలీసు రెండూ ఓస్లో ఒప్పందాలతో ఏర్పడ్డ పాలస్తీనా అథారిటీవి. బీలో పాలన వాళ్లది, భద్రత మీద పైచేయి ఇజ్రాయెల్‌ది. సీలో అంతా ఇజ్రాయెలే. వెస్ట్ బ్యాంక్‌లో అధికభాగం ఆ సీ ప్రాంతమే. తుది చర్చలకు వదిలిన సెటిల్‌మెంట్లు, సైనిక స్థావరాల వంటివి మినహా మిగతాదంతా దశలవారీగా పాలస్తీనా అధికారం కిందికి రావాలి. పాలస్తీనా మండలి కొలువుదీరాక 18 నెలల్లో ఈ బదిలీ ముగియాలని రాసుకున్నారు. మండలికి ఎన్నికలు 1996 జనవరిలో జరిగాయి. అంటే 1997 దాటకుండా కావాల్సిన పని. ఈ రోజుకీ వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం సీ ప్రాంతమే. ఈ-1 ఉన్నది అందులోనే.

ఇంకో షరతు ఉంది. తుది చర్చల ఫలితం వచ్చేదాకా వెస్ట్ బ్యాంక్, గాజాల స్థితిని మార్చే ఏ చర్యా ఏ పక్షమూ చేపట్టకూడదని ఓస్లో-2లోని 31వ అధికరణం చెబుతుంది. పంపకాలు తేలేదాకా ఎవరూ గట్టు జరపకూడదని పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం లాంటిదది. తూర్పు జెరూసలెంను వదిలేసి లెక్క వేసినా, 1993లో వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్లలో ఉన్నవాళ్లు లక్ష పైచిలుకు. ఇప్పుడు అయిదు లక్షలు దాటారు. 2025 మే నెలలో ఒక్క నిర్ణయంతో 22 కొత్త సెటిల్‌మెంట్లకు ఇజ్రాయెల్ భద్రతా మంత్రివర్గం అనుమతిచ్చింది.

మరి ఇజ్రాయెల్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసిందా? చేయలేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉందంటాను. ఒప్పందంలో తనకు అధికారమిచ్చే వాక్యాలన్నీ అమల్లో ఉంచుకుంది. తన మీద బాధ్యత పెట్టే వాక్యాలను పక్కన పెట్టింది. సీ ప్రాంతం మీద పెత్తనం ఒప్పందం ప్రకారమే సాగుతోంది. దాన్ని అప్పగించే గడువు మాత్రం ఎప్పుడో చచ్చిపోయింది. సరిహద్దుల దగ్గర పన్నులు వసూలు చేయడం ఒప్పందం ప్రకారమే జరుగుతోంది. వసూలైన సొమ్ము ఇవ్వడం మాత్రం ఆగిపోయింది.

ఈ పన్నుల సంగతి దగ్గరగా చూడాలి. 1994 ఏప్రిల్ 29న పారిస్‌లో ఆర్థిక ఒప్పందం కుదిరింది. పాలస్తీనాకు సొంత రేవు లేదు, సొంత విమానాశ్రయం లేదు, తన చేతిలో ఉన్న సరిహద్దు లేదు. రామల్లాలో ఒక వ్యాపారి విదేశం నుంచి బియ్యమో, టైల్సో తెప్పించుకున్నాడనుకోండి. కంటైనర్ ఇజ్రాయెల్‌లోని అష్దోద్ రేవులో దిగుతుంది. సుంకం కట్టించుకునేది ఇజ్రాయెల్ కస్టమ్స్. ఇజ్రాయెల్ నుంచి కొనే సరుకు మీద వ్యాట్ కూడా వాళ్ల ఖాతాలోకే వెళుతుంది. నెలకోసారి ఇరుపక్షాల అధికారులు కూర్చుని ఇన్వాయిస్‌లు సరిచూసుకుంటారు. 3 శాతం వసూలు రుసుము ఇజ్రాయెల్ మినహాయించుకుని, మిగిలింది పాలస్తీనా అథారిటీకి పంపాలి. అథారిటీ ఆదాయంలో ఇంచుమించు మూడింట రెండొంతులు ఈ సొమ్మే. ఇది ఎవరి దానమూ కాదు. పాలస్తీనా జనం కట్టిన పన్ను, వాళ్లకు తిరిగి చేరాల్సిన డబ్బు.

ఈ డబ్బును బిగబట్టడం కొత్త కాదు. 2000 చివర్లో పాలస్తీనా తిరుగుబాటు, రెండో ఇంతిఫాదా, రేగినప్పుడు ఆపారు. 2006లో హమాస్ ఎన్నికల్లో గెలిచినప్పుడు ఆపారు. 2012లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనాకు పరిశీలక రాజ్య హోదా ఇచ్చినప్పుడు, 2015లో అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో చేరినప్పుడు మళ్లీ ఆపారు. అప్పుడు కొన్ని నెలలకో, ఏడాదీ రెండేళ్లకో వదిలేవారు. 2019 నుంచి, ఖైదీల కుటుంబాలకు అథారిటీ ఇచ్చే భత్యాలకు సమానమైన మొత్తాన్ని కోస్తున్నారు. 2023 అక్టోబరు తర్వాత గాజా ఉద్యోగుల జీతాల వాటా కోశారు. 2025 మే నుంచి మొత్తానికే నిలిపేశారు.

నాబ్లస్‌లోనో, హెబ్రోన్‌లోనో ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పే టీచరు సగం జీతంతో ఇల్లు గడుపుతున్నారు. ఆ సగం కూడా వేళకు రాదు. 2025లో బడులు ఆలస్యంగా తెరిచి, వారంలో కొన్ని రోజులే నడిపారు. ఆసుపత్రుల్లో మందుల సరఫరాదారులకు బకాయిలు పేరుకున్నాయి. పోలీసు కానిస్టేబుల్ పరిస్థితీ అంతే. సగం జీతానికి పనిచేసే ఆ కానిస్టేబుల్‌నే, తుపాకులు పట్టిన కుర్రాళ్లను అదుపులో పెట్టమని ఇజ్రాయెల్ అడుగుతోంది, అమెరికా అడుగుతోంది, ఐరోపా అడుగుతోంది.

దీనికి తోడు బ్యాంకుల ముడి. పాలస్తీనాలో చెలామణీ అయ్యేది ఇజ్రాయెల్ షెకెల్. పాలస్తీనా బ్యాంకుల లావాదేవీలు రెండు ఇజ్రాయెల్ బ్యాంకుల గుండా నడవాలి. ఆ రెండు బ్యాంకులకు చిక్కులు రాకుండా ఇజ్రాయెల్ ఆర్థికమంత్రి పూచీకత్తు లేఖ ఇస్తారు. ఒకప్పుడు దీర్ఘకాలానికి ఇచ్చే ఆ లేఖను ఇప్పుడు చివరి గడియదాకా తేల్చకుండా కొద్దికాలానికే పొడిగిస్తున్నారు. ఒక్కసారి పొడిగించకపోతే కరెంటు బిల్లు నుంచి గోధుమల దిగుమతి వరకు చెల్లింపులన్నీ స్తంభిస్తాయి. పన్నుల సొమ్ము, బ్యాంకు లేఖ రెండూ స్మోట్రిచ్ చేతిలోనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరి నుంచి రక్షణశాఖలో మంత్రిగా సీ ప్రాంతంలో సెటిల్‌మెంట్ల వ్యవహారాలూ ఆయన చేతికే వచ్చాయి. పాలస్తీనా రాజ్యం ఎన్నటికీ వద్దనేది ఆయన రాజకీయ జీవితమంతా నమ్మిన మాట. అటువంటి నాయకుడి చేతిలో మూడు తాళంచెవులూ పెట్టిన ప్రభుత్వం, శాంతి ఆగిపోవడానికి కారణం అవతలివాళ్లేనంటోంది.

ఆ వాదనను వినకుండా తోసెయ్యకూడదు. అందులో బలం ఉంది. ఓస్లో సంతకాల తర్వాత బస్సుల్లో, బజార్లలో హమాస్ మానవబాంబులు పేలాయి. 1996 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అలా చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా లాక్కుపోయింది. ఆ రోజు ఇజ్రాయెల్ తల్లులు చూసిన దారుణాన్ని ఏ రాజకీయ వాదనతోనూ తగ్గించి చెప్పలేం. ఇజ్రాయెలీయులను చంపి జైలుకు వెళ్లినవాళ్ల కుటుంబాలకు అథారిటీ నెలనెలా డబ్బిస్తూ వచ్చింది. ఒక తండ్రి తన బిడ్డను చంపినవాడి ఇంటికి పక్క ప్రభుత్వం జీతం పంపుతోందని తెలిస్తే, ఆ ప్రభుత్వంతో ఒప్పందమేమిటని అడుగుతాడు. అడగడం న్యాయమే. 2025 ఫిబ్రవరిలో అథారిటీ అధ్యక్షుడు అబ్బాస్ ఆ పద్ధతిని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అది నిజంగా అమలైందా లేదా అన్నదానిపై ఇజ్రాయెల్‌కు అనుమానాలున్నాయి. అనుమానముంటే లెక్కలు తనిఖీ చేయించమనాలి. ఆ ఉత్తర్వు వచ్చిన మూడు నెలలకే పన్నుల సొమ్మంతా నిలిపేయడం తనిఖీ కిందికి రాదు.

మాటకు మాట, చేతకు చేత అన్న ఈ వాదన పాతికేళ్లకు పైబడినది. 1998 అక్టోబరు 23న వై రివర్ మెమొరాండం మీద సంతకం చేసింది ఇదే నెతన్యాహు. వెస్ట్ బ్యాంక్‌లో 13 శాతం నేలను సీ ప్రాంతం నుంచి పన్నెండు వారాల్లో దశలవారీగా బదిలీ చేస్తామన్నారు. పాలస్తీనా వైపు నుంచి అక్రమ ఆయుధాల స్వాధీనం, ఉగ్రవాదుల అరెస్టులు, ఇజ్రాయెల్ నాశనాన్ని కోరే విమోచన సంస్థ పాత చార్టర్ అంశాల రద్దు. నవంబరులో మొదటి దశ జరిగింది. గాజాలో విమానాశ్రయం తెరుచుకుంది. డిసెంబరు 14న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ గాజాలో కూర్చుని ఉండగా, పాలస్తీనా జాతీయ మండలి సభ్యులు చేతులెత్తి ఆ చార్టర్ అంశాలను కొట్టేశారు. అదే నెలలో ఇజ్రాయెల్ మంత్రివర్గం మిగతా దశలు నిలిపేసింది. అవతలివాళ్లు షరతులన్నీ పూర్తి చేయలేదన్నది కారణం. తర్వాత ప్రభుత్వం పడిపోయింది, ఎహుద్ బరాక్ వచ్చారు. 1999 సెప్టెంబరు 4న షర్మ్ అల్ షేక్‌లో అవే హామీలకు కొత్త తేదీలు వేశారు. మూడో విడత బదిలీ ఏనాడూ జరగలేదు. 2000 సెప్టెంబరులో రెండో ఇంతిఫాదా రగిలింది, వేలమంది చచ్చిపోయారు. గాజా విమానాశ్రయం రన్‌వేను 2002 జనవరిలో ఇజ్రాయెల్ బుల్డోజర్లు దున్నేశాయి.

నువ్వు మాట తప్పావు కాబట్టి నేనూ తప్పుతానని ఇద్దరూ అనుకుంటే, ముందు ఎవరు తప్పారో తేల్చేదెవరు? 1993 ఒప్పందంలో పదిహేనో అధికరణం తగాదాల గురించి మాట్లాడుతుంది. ముందు ఉమ్మడి సంఘంలో మాట్లాడుకోవాలి. కుదరకపోతే రాజీ. అదీ కుదరకపోతే మధ్యవర్తి తీర్పు, అయితే అందుకు ఇద్దరూ ఒప్పుకోవాలి. బలవంతుడు ఒప్పుకోడు. అందువల్ల బలవంతుడే జడ్జి అయ్యాడు. చెక్‌పోస్టు అతనిది, పన్నుపెట్టె అతనిది, నేల రికార్డు అతనిది. అవతలిపక్షం తప్పు చేసినప్పుడు శిక్ష అదే రోజు పడుతుంది. ఇవతలిపక్షం తప్పు చేసినప్పుడు ఐక్యరాజ్యసమితి తీర్మానం చేస్తుంది. 2003 నాటి శాంతి ప్రణాళిక రోడ్‌మ్యాప్ ఈ లోపాన్ని సరిదిద్దాలని చూసింది, పర్యవేక్షణ ఉండాలంది. ఆ పర్యవేక్షణకు ఎవరూ కోరలు ఇవ్వలేదు. సహజ పెరుగుదల పేరుతో సైతం సెటిల్‌మెంట్లు పెంచకూడదని అందులో ఉంది. అవి పెరిగాయి.

అథారిటీ తన తప్పులకు తాను జవాబు చెప్పుకోవాలి. 2006 తర్వాత పార్లమెంటు ఎన్నికలు లేవు. 2021లో ప్రకటించి వాయిదా వేశారు. 2005లో నాలుగేళ్లకని గెలిచిన అబ్బాస్ ఇప్పటికీ పదవిలోనే ఉన్నారు. అవినీతి మీద పాలస్తీనీయులే మొత్తుకుంటున్నారు. జనం ఓటు లేని పాలకుడు జనం పేరుతో ఏం సంతకం చేసినా దానికి బరువుండదు. ఇది ఇజ్రాయెల్ కల్పించిన సాకు కాదు, నిజంగా ఉన్న జబ్బు.

అయినా ఆ అథారిటీ కూలిపోతే వచ్చేదేమిటో ఆలోచించాలి. 2024 డిసెంబరులో జెనిన్ శరణార్థి శిబిరంలోని సాయుధ బృందాల మీదికి అథారిటీ తన సొంత బలగాలను పంపింది. పాలస్తీనీయుల తుపాకులే పాలస్తీనీయుల మీద పేలాయి, సొంత జనమే ద్రోహులన్నారు. ఒప్పందంలోని భద్రతా బాధ్యతను అంతకన్నా కష్టపడి ఎవరూ నెరవేర్చలేరు. 2025 జనవరి 21న, ఆ ఆపరేషన్ ఇంకా సాగుతుండగానే, ఇజ్రాయెల్ సైన్యం జెనిన్‌లోకి దిగింది. తర్వాత తుల్‌కర్మ్, నూర్ షమ్స్ శిబిరాలు. ముప్పై వేలకు పైగా జనం ఇళ్లు వదిలి పోయారు. ఒప్పందం ప్రకారం పాలస్తీనా పోలీసు బాధ్యత ఉన్న పట్టణాల్లో ఇది జరిగింది. మాట నిలబెట్టుకున్నవాడికి దక్కేదిదే అయితే, రేపు ఆ యూనిఫాం వేసుకునేదెవరు? జీతమూ లేక, పరువూ లేక, అథారిటీ కార్యాలయాలకు తాళం పడ్డ రోజున ముప్పై లక్షల జనాభా ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో బడి, ఆసుపత్రి, చెత్త బండి, ట్రాఫిక్ పోలీసు ఎవరి బాధ్యత? ఆ ఖాళీలోకి మొదట వచ్చేది తుపాకీ ఉన్నవాడే. గాజాలో 2007లో అథారిటీ బలగాలను హమాస్ తరిమేసిన తర్వాత ఏమైందో ఇజ్రాయెల్‌కు మనకన్నా బాగా తెలుసు. 2025 అక్టోబరు నాటికి గాజాలో చనిపోయినవాళ్లు అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 68 వేలు దాటారు. ఆ నరకం రెండోచోట రాజుకోకుండా చూడటం ఇజ్రాయెల్ పౌరుల ప్రాణాలకు కూడా అవసరం.

గాజాలో 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ వచ్చింది. బతికున్న ఇరవై మంది బందీలు ఇళ్లకు చేరారు. నవంబరు 17న భద్రతామండలి 2803వ తీర్మానం చేసింది. అథారిటీ సంస్కరణలు పూర్తయి, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగితే పాలస్తీనా స్వయంనిర్ణయానికి, రాజ్యానికి దారి ఏర్పడవచ్చని అందులో రాశారు. పాలస్తీనా రాజ్యాన్ని వ్యతిరేకించడంలో మార్పు లేదని నెతన్యాహు ఆ ఓటింగుకు ముందే చెప్పారు. అంతకుముందు 2024 జులైలో ఇజ్రాయెల్ పార్లమెంటు పాలస్తీనా రాజ్యాన్ని వ్యతిరేకిస్తూ 68–9తో తీర్మానించింది. ఏడాది తర్వాత వెస్ట్ బ్యాంక్‌ను కలిపేసుకోవాలని 71–13తో మరో తీర్మానం. 2025 అక్టోబరు 22న, అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ అక్కడే ఉండగా, విలీన బిల్లు ప్రాథమిక దశలో 25–24తో గట్టెక్కింది. ఒక చేత్తో సంస్కరణలు చేసుకో రాజ్యం వస్తుందని చూపిస్తూ, ఇంకో చేత్తో ఆ రాజ్యం నిలబడాల్సిన నేల మీద సిమెంటు పోస్తుంటే, ఏ పాలస్తీనా యువకుడికి చర్చల మీద నమ్మకముంటుంది?

ఈ-1 పరిసరాల్లోనే ఖాన్ అల్ అహ్మర్ అనే చిన్న బెదూయిన్ పల్లె ఉంది. జహాలిన్ తెగవాళ్లు, గొర్రెలూ మేకలూ కాచుకునేవాళ్లు. రేకులు, చెక్కలతో వేసుకున్న ఇళ్లు. పక్కనే హైవే. 2009లో పాత టైర్లలో మట్టి కూరి కట్టిన బడి ఒకటుంది. కట్టుకోవడానికి అనుమతులివ్వరు, అనుమతి లేకుండా కట్టారని కూల్చివేత నోటీసు ఇస్తారు. 2018లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కూల్చడానికి దారి వదిలింది. ప్రపంచం కళ్లన్నీ ఆ పల్లె మీద ఉండటం వల్లే బుల్డోజర్లు ఆగాయి. అంటే బయటివాళ్ల మాటకు విలువ లేదనుకోవడం పొరపాటు. ఈ-1 ముప్పయ్యేళ్లు ఆగిందీ ఆ మాటల వల్లనే.

అందుకే ఢిల్లీ మాట కూడా కావాలి. పాలస్తీనా విమోచన సంస్థను 1974లో గుర్తించిన దేశం మనది. అరబ్బేతర దేశాల్లో మొదటిది. 1988 నవంబరులో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాం. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం. అదీ సరైన నిర్ణయమే. వ్యవసాయం, నీటిపారుదల, రక్షణ రంగాల్లో మనకు ఇజ్రాయెల్ మంచి మిత్రదేశం. 2018లో ప్రధాని మోదీ రామల్లా వెళ్లారు. ఇద్దరితోనూ మాట్లాడగలిగే దేశాలు ప్రపంచంలో ఎక్కువ లేవు. ఆ చనువును ఇన్నాళ్లూ ఓటింగుకు దూరంగా కూర్చోవడానికి వాడుకున్నాం. ఆక్రమణను ఏడాదిలో ముగించమన్న 2024 సెప్టెంబరు తీర్మానం మీద ఓటుకు దూరం. గాజా కాల్పుల విరమణ కోరిన 2025 జూన్ తీర్మానం మీద కూడా దూరం. సెప్టెంబరులో న్యూయార్క్ డిక్లరేషన్‌కు ఓటేసి మళ్లీ సరైన దారికి వచ్చాం. ఆ ఓటు ఢిల్లీకి వచ్చిన ఇజ్రాయెల్ మంత్రి ముందు కూడా పలకాలి.

ఈ వ్యవహారం తెలుగువాళ్ల ఇళ్ల దాకా వచ్చింది. 2023 అక్టోబరు ముందు వరకు లక్షన్నరకు పైగా పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లో పనిచేసేవారు, ఎక్కువమంది భవన నిర్మాణంలో. కార్మికుల రాకపోకలు మామూలుగా సాగేలా ఇరుపక్షాలూ చూడాలని పారిస్ ఒప్పందంలో ఉంది, ఎంతమందిని ఏ షరతులతో రానివ్వాలో తేల్చుకునే హక్కు ఎవరిది వాళ్లకే వదిలినా. యుద్ధం రాగానే పర్మిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఖాళీలోకి భారతీయులను పిలిచారు. హరియాణా, ఉత్తరప్రదేశ్‌ల తర్వాత తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ 2024లో ఎంపికలు నిర్వహించింది. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులు. నెలకు లక్షా 37 వేల రూపాయల దాకా జీతమన్నారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి అంతకుముందే వెళ్లి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లో ఆ జీతం కలలో కూడా దొరకని కుర్రాడు వెళ్తానంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అతను ఏ నేల మీద నిలబడి ఇటుక పేరుస్తున్నాడో అతనికి ముందే చెప్పాల్సిన బాధ్యత పంపినవాళ్లది.

2025 మార్చిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఇజ్రాయెల్‌కు నిర్మాణ పనికి వెళ్లిన పది మంది భారతీయులను పని ఇస్తామని వెస్ట్ బ్యాంక్‌లోని అల్ జయీమ్ అనే ఊరికి పిలిపించారు. పాస్‌పోర్టులు లాక్కుని, నెల రోజులకు పైగా అక్కడే ఉంచారు. ఆ పాస్‌పోర్టులతో కొందరు ఇజ్రాయెల్‌లోకి దాటాలని చూస్తూ దొరికిపోయారు. ఇజ్రాయెల్ బలగాలే మనవాళ్లను విడిపించాయి. ఆ అల్ జయీమ్ ఎక్కడుందంటే ఈ-1ను ఆనుకుని. పర్మిటు పోగొట్టుకున్నవాడి తెగింపుకూ, పని వెతుక్కుంటూ వచ్చినవాడి అవసరానికీ మధ్య ఎంత తక్కువ దూరముందో ఆ ఊరు చూపించింది. రేపు వెస్ట్ బ్యాంక్ అంటుకుంటే ఆ దారుల్లో ఉండేది మన పిల్లలే.

విదేశాంగశాఖ ఆలస్యం చేయకుండా చేయాల్సినవి ఉన్నాయి. ఈ-1 మీద భారత్ అభ్యంతరాన్ని పేరు పెట్టి, బహిరంగంగా చెప్పాలి. పాలస్తీనా పన్నుల సొమ్ము విడుదల చేయమని, బ్యాంకుల పూచీకత్తును దీర్ఘకాలానికి పొడిగించమని ఇజ్రాయెల్ ఆర్థికశాఖను అడగాలి; పెట్టుబడుల ఒప్పందం మీద సంతకం చేసింది ఆ శాఖతోనే కాబట్టి అడిగే చోటూ, అడిగే చనువూ రెండూ ఉన్నాయి. కార్మికుల విషయంలో ఒక్క వాక్యం చాలు: భారత ప్రభుత్వం ద్వారా వెళ్లిన ఏ కార్మికుడినీ 1967 సరిహద్దు రేఖ దాటి సెటిల్‌మెంట్ల పనికి పంపకూడదు. 2017లో చైనా తన నిర్మాణ కార్మికుల విషయంలో ఇదే పట్టుబట్టి సాధించుకుంది. మన కార్మికుడు సంతకం చేసే కాంట్రాక్టులో ఆ వాక్యం అతనికి వచ్చిన భాషలో ఉండాలి, ఎంపికలు జరిగే చోట గోడ మీద అంటించాలి. ఉల్లంఘన జరిగితే ఫోన్ చేయాల్సిన టెల్ అవీవ్ రాయబార కార్యాలయం నంబరు దాని కిందే ఉండాలి. తర్వాతి బృందం విమానం ఎక్కకముందే ఈ పని జరగాలి.